ఆరు వారాల గోధుమ రొట్టె

సూరత్ శివారు వడోద్‌లో ఒక భవనం మూడో అంతస్తులో పన్నెండు గదులు, వరండా చివర రెండు మరుగుదొడ్లు. 2020 ఏప్రిల్‌లో మరమగ్గాల లూములు ఆగిపోయి మగవాళ్లంతా గదుల్లోనే పడి ఉన్నప్పుడు, ఎవరు ఎన్నిసార్లు అటు నడిచారో అందరికీ తెలిసిపోయేది. వినోద రోజుకు ఏడెనిమిదిసార్లు వెళ్లేది. చూపులు తప్పించుకోవడానికి చెంబు కొంగుచాటున పెట్టుకునేది.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పెళ్లయి సూరత్‌కు వచ్చి అప్పటికి పదహారేళ్లు. భర్త నర్సింగం మరమగ్గం నడుపుతాడు. తను గదిలోనే కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంది. కూతురు సుమన తొమ్మిదో తరగతి. కడుపుబ్బరం, నోటిపూత, విరేచనాలు ఎనిమిదేళ్లుగా వినోదను వదల్లేదు. ఒంట్లో రక్తం లేదని ప్రతి డాక్టరూ అన్నవాడే. గ్యాస్ బిళ్లలు మింగింది. జీలకర్ర నీళ్లు, వాము కషాయం, పసుపు పాలు, ఇంగువ మజ్జిగ తాగింది. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలయ్యేది.

"నీకు మనాది పట్టుకున్నది. ఊకె ఆలోచిస్తవ్," అనేవాడు నర్సింగం.

లాక్‌డౌన్‌లో బియ్యం దొరకలేదు. దొరికింది గోధుమపిండి, ఎవరో పుణ్యాత్ములు పంచే పూరీ పొట్లాలు. రెండు వారాల్లో ఆమె సగమైపోయింది.

విరేచనాలు కూడా కరోనా లక్షణమేనని టీవీలో చెప్పారట. ఆ మధ్యాహ్నమే భవనం యజమాని మెట్ల మీద నుంచి కేకేశాడు. పద్నాలుగు రోజులు ఆ కుటుంబం గడప దాటకూడదు. పొద్దున అందరూ అయ్యాక ఒకసారి, పొద్దుగూకేముందు ఒకసారి మరుగుదొడ్డికి పోవచ్చు.

"నడుమ వస్తే ఏం జెయ్యాలె?" అని తలుపు వెనక నుంచి అడిగింది వినోద. అప్పటికే ఆయన మెట్లు దిగిపోతున్నాడు.

పదడుగుల గది, ముగ్గురు మనుషులు, ఒక్క కిటికీ. దాన్ని తెరిస్తే పక్క భవనం గోడ. నడుమ వస్తుందన్న భయానికి ఆమె తిండి మానేసింది. అది చూసి ఉండబట్టలేక పక్కగది రాజమ్మ, ఊరి నుంచి తెచ్చుకున్న బియ్యం కొన్ని సంచిలో పోసి గడప అవతల పెట్టింది.

"చెల్లె, గంజి గాసుకో. ఇంత ఉప్పేసుకొని తాగు. ఒట్టి కడుపుతోని ఉండకు."

నర్సింగం, సుమన రొట్టెలు తిన్నారు. వినోద ఒక్కతే గంజి తాగింది, తర్వాత మెత్తటి అన్నం తిన్నది. ఐదో రోజుకు పేగులు మెలిపెట్టడం ఆగింది. పదో రోజుకు పొద్దున ఒక్కసారి వెళ్తే సరిపోయింది. పద్నాలుగు రోజులు నిండి తలుపు తెరుచుకున్న రోజున ముగ్గురూ వరండాలో కూర్చుని పూరీ పొట్లాలు విప్పారు. సంబరంలో ఆమె నాలుగు పూరీలు తిన్నది. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ చెంబు పట్టుకుని పరుగు.

"అమ్మా, గంజి తాగినన్ని రోజులు నువ్వు మంచిగనే ఉన్నవ్. రోటీ తింటేనే గడ్‌బడ్ అయితుంది," అంది సుమన.

ఆ రోజు నుంచి వినోద గోధుమలు ముట్టలేదు. దుకాణాలు తెరిచి బియ్యం దొరకడంతో ఒంటికి కాస్త బలమొచ్చింది. నర్సింగం మాత్రం నమ్మలేదు. "ఇంట్ల అందరం తింటలేమా? నీ ఒక్కదానికే ఏమైతది?"

2021 ఫిబ్రవరిలో పెద్దాసుపత్రిలో మామూలు రోగులను చూస్తున్నారని తెలిసి, కూతురిని వెంటబెట్టుకుని వెళ్లింది. డాక్టరు చెప్పింది సుమన తెలుగులోకి మార్చింది. గోధుమలో గ్లూటెన్ అనే పదార్థం ఉంటుంది. కొందరి ఒళ్లు దాన్ని శత్రువనుకుని తన పేగులనే గాయపరుచుకుంటుంది. అందుకే ఆ ఉబ్బరం, రక్తహీనత. పసుపూ కషాయాలూ మంచివే కావచ్చు గానీ, గోధుమ లోపలికి పోతున్నంతకాలం పుండు మానదు. రక్తపరీక్ష చేస్తే తేలుతుంది. అయితే ఆమె గోధుమలు మానేసి నెలలైంది కాబట్టి ఇప్పుడు చేస్తే జబ్బు ఉన్నా పట్టుబడకపోవచ్చు.

"ఆరు వారాలు రోజూ రెండు రోటీలు తిని రమ్మంటుండు, అమ్మా," అంది సుమన నేలచూపులు చూస్తూ.

వినోదకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాగితం చేతికి వస్తేనే మొగుడు నమ్ముతాడు. కాగితం కావాలంటే ఆ రొట్టే తినాలి. ఇంటికొచ్చి పిండి తడిపింది.

రెండో వారానికి నోరంతా పూసింది. మూడో వారానికి మెట్లెక్కలేకపోయింది. రాళ్లు అతికించే పని రాజమ్మకు అప్పగించింది. ఐదో వారంలో కరోనా మళ్లీ విరుచుకుపడింది. ఆసుపత్రిలో మామూలు రోగులను చూడటం ఆపేశారని, ఎప్పుడు మొదలుపెడతారో తెలియదని కబురొచ్చింది.

అయినా ఆ మధ్యాహ్నం వినోద పళ్లెం ముందు కూర్చుంది. లూము సగం రోజులే నడుస్తున్నందున నర్సింగం ఇంట్లోనే ఉన్నాడు. ఆమె ఒక తుంపు నోట్లో పెట్టుకుని, మింగలేక, కళ్లు మూసుకుని నమలడం చూశాడు.

"చాలు. ఇగ తినకు."

"మళ్ల తెరుస్తరేమో. టెస్ట్ కాకుంటే నువ్వు నమ్మవు గదా."

అతను లేచాడు. వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"నమ్మిన. జర ఆ పళ్లెం ఇటియ్యి."

జూలైలో ఆసుపత్రి తెరిచాక వెళ్తే, నడుమ మానేసింది కాబట్టి మళ్లీ మొదటి నుంచి ఆరు వారాలు తినాలన్నాడు డాక్టరు. "నాతోని కాదు సార్," అంది వినోద, తనకొచ్చిన హిందీలో. ఆయన బలవంతపెట్టలేదు. రక్తానికి బిళ్లలు రాసిచ్చాడు. ఎప్పటికైనా పరీక్ష అవసరమేనన్నాడు. ఆమె మజ్జిగలో వేసుకునే పొడి ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారని చెప్పాడు. ఇన్నాళ్లూ మందనుకుని వేసుకున్నది అదే.

ఆమెకు తిండి దారులన్నీ ఇరుకయ్యాయి. జొన్నలు పిండి పట్టిద్దామని దగ్గర్లోని పాండేసరకు వెళ్తే గిర్నీలో అదే రాయి మీద గోధుమలు ఆడుతున్నాయి. రాయి కడగమంటే గిర్నీవాడు వెనకున్న వరుసను చూపించాడు. జొన్నలు అలాగే వెనక్కి తెచ్చి, మిక్సీలో రవ్వగా పట్టి, గట్క వండుకుంది. ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద మొగుడికీ కూతురికీ రొట్టెలు కాల్చి, చేతులు కడుక్కుని, తన గిన్నె వేరుగా పెట్టుకోవడం అలవాటైంది. చుట్టాలింటికి పోయినా తన డబ్బా తనదే.

ఒకనాడు నర్సింగం, "నాకూ గట్కనే పెట్టు. నీకొక్కదానికి ఎందుకు?" అన్నాడు. రెండు ముద్దలు మింగి, మొహం చిట్లించి, మెల్లగా లేచి రొట్టెల గంప దగ్గరికి పోయాడు. వినోద పడీపడీ నవ్వింది.