సంతకాలమ్మ రాయని రాజీనామా

కంపెనీలో చేరిన ప్రతివాళ్ల నియామకపత్రం మీదా ఆవిడ సంతకమే ఉంటుంది కాబట్టి అందరూ సంతకాలమ్మ అనేవాళ్లు. ఉద్యోగుల వ్యవహారాలన్నీ చూసే పెద్ద అధికారి. కంపెనీని వేరేవాళ్లు కొనేశారని తెలిసిన రోజే అందరినీ క్యాంటీన్‌లో పోగుచేసింది.

"మీ చేత్తో రాజీనామా రాసివ్వకండి. పొమ్మనేవాళ్లనే తీసేయమనండి. అప్పుడే మీకు రావలసింది వస్తుంది."

కొన్నవాళ్లు ఊరుకుంటారా? మొదటి పిలుపు ఆవిడకే వచ్చింది. కొత్త యజమానుల లాయరు కుర్రవాడే గానీ మాటకారి.

"మేడమ్, ఒప్పందం ప్రకారం మేం తీసేస్తే రెండేళ్ల జీతం ఇవ్వాలి. మీరే మానేస్తున్నట్టు రాసిస్తే మూడేళ్లది ఇస్తాం."

ఇంత దానగుణం ఎందుకు పుట్టుకొచ్చిందో ఆవిడకు తెలియకపోలేదు. రేపు ఆ కాగితం పట్టుకుని ప్రతి సెక్షనుకూ వెళ్తారు, మీ మేడమే రాసిచ్చింది, మీకేం అంటారు. నమ్మినవాళ్లంతా ఉత్త చేతులతో ఇంటికి పోతారు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"నేను రాయను బాబూ. మీరే తీసేయండి."

ఇంట్లో సంగతి విని అత్తగారు నెత్తి కొట్టుకుంది. "ఏడాది జీతం ఎక్కువిస్తామంటే వద్దంటావా! నీకేమైనా తిక్కా?"

"తిక్కే అత్తయ్యా."

మర్నాడు పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసి చేతికిచ్చింది మాత్రం ఆ అత్తగారే.

ఆఫీసుకు వెళ్లేసరికి గది తలుపు మీద ఆవిడ పేరు లేదు. బల్ల తీసుకెళ్లి వరండాలో జిరాక్స్ మిషన్ పక్కన వేశారు. పని లేదు, ఫోను లేదు. సిగ్గుపడి తనే పోతుందనుకున్నారు. ఆ తెలివితక్కువవాళ్లకు తట్టని సంగతి ఒకటుంది. రాజీనామా ఫారం ఎవరికి కావాలన్నా జిరాక్స్ తీసుకోవడానికి అక్కడికే రావాలి! వచ్చినవాళ్లకు ఎదురుగా సంతకాలమ్మ, కాళ్లు బారజాపుకుని కాఫీ తాగుతూ కనిపించేది.

"మీరింకా ఇక్కడే ఉన్నారా మేడమ్?"

"ఎక్కడికి పోతాను? నన్నింకా తీసేయలేదుగా."

వచ్చినవాళ్లు ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి పోయేవాళ్లు. ఒక్క రాజీనామా కూడా లాయరు బల్ల మీదికి చేరలేదు. చివరికి అతనే మొహం గంటు పెట్టుకుని వచ్చాడు.

"మిమ్మల్ని తీసేస్తున్నాం. రెండేళ్ల జీతమే ఇస్తాం. ఇదిగో ఉత్తరం."

ఆవిడ అక్షరం పొల్లుపోకుండా చదివింది. లేచి జిరాక్స్ మిషన్ మూత ఎత్తి, ఉత్తరాన్ని బోర్లా పెట్టి, వంద కాపీలకు మీట నొక్కింది.

"అన్ని కాపీలెందుకు మేడమ్?" అన్నాడు లాయరు, కంగారుగా.

"మావాళ్లకు బాబూ. అడిగితే ఇలాంటిదే అడగాలని చూపించొద్దూ?"