బొమ్మలు లేని బ్రౌజర్

మీటల ఫోన్లలో తేలికపాటి బ్రౌజర్లు వచ్చిన కొత్తలో అందరూ సంబరపడ్డారు. బొమ్మలు ఆపేస్తే పేజీ చిటికెలో తెరుచుకుంటుందట. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ గొప్పతనం నేను ముందే చూసినవాణ్ణి.

తొంభైల చివర మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర ఒక కిరాయి గదిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. పాత కంప్యూటర్, నత్తనడక టెలిఫోన్ లైను. ఒక్క ఫొటో రావడానికే పావుగంట పట్టేది. అందుకని అక్షరాలు మాత్రమే తెచ్చే చిన్న బ్రౌజర్ ఒకటి ఎక్కించి, నా అంత తెలివిగలవాడు జిల్లాలోనే లేడని మురిసిపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పక్క ఊరి నుంచి ఒకామె వచ్చింది. బట్టలు కుట్టుకుని బతుకుతోంది. ఆమె భర్త మేస్త్రీ పనికి సౌదీ పోయాడు, ఏడాదిగా ఉత్తరం లేదు. అక్కడి దవాఖానల్లో దిక్కులేకుండా పడి ఉన్న మనవాళ్ల వివరాలు ఎవరో ఇంటర్నెట్‌లో పెడుతున్నారని విని వచ్చిందట. కొంగులోంచి పెళ్లి ఫొటో తీసి నా ముందు పెట్టింది. నవ్వు మొహం, ఎడమ కనుబొమ్మ మధ్యన మచ్చ.

"జర మంచిగ సూడు అన్నా, నీ కాళ్లు మొక్కుత."

పేజీ తెరిచి పేర్లన్నీ రెండుసార్లు చదివాను. ఆయన పేరు లేదు.

"గా ఖాళీ డబ్బాలేంది?" అని ఆమె తెర మీద వేలు పెట్టి అడిగింది.

"అవి ఫొటోలమ్మా. తెరిస్తే పొద్దుగూకుతది. పేరే లేనప్పుడు ఫొటోతోని ఏం పని? ఫికర్ జెయ్యకు, మీ ఆయన మంచిగనే ఉన్నడు."

"నీ నోట్లె శక్కెర పొయ్య!" అంటూ తేలికపడిన మనసుతో వెళ్లిపోయింది.

రెండు నెలలకు కొత్త కంప్యూటర్ కొన్నాను. ఫొటోలు ఎంత తొందరగా వస్తాయో చూద్దామని ఆ పేజీనే తెరిచాను. ఏడో ఫొటోలో కనుబొమ్మ మీద మచ్చ! కింద ఎవరిదో పేరు. ఒకరి పాస్‌పోర్టు మీద ఇంకొకరిని పంపే ఏజెంట్ల సంగతి పాలమూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు గుర్తు రాలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది. చనిపోయాడనీ, ఎవరూ రాకపోతే అక్కడే పూడ్చిపెట్టారనీ రాసి ఉంది. తేదీలు చూశాను. చనిపోయింది ఆమె వచ్చిపోయిన నెల రోజులకు, ఫొటో పెట్టింది మాత్రం ఆమె రావడానికి వారం ముందే. మేమిద్దరం ఆ పేజీ ముందు కూర్చున్ననాటికి ఆయన బతికే ఉన్నాడు.

మర్నాడు ఫొటో ప్రింటు తీసుకుని ఆమె ఊరికి పోయి చెప్పాను. ఏడ్చి ఏడ్చి, చాలాసేపటికి తలెత్తి అడిగింది.

"అన్నా, గా దినం మనం సూసినప్పుడు గీ ఫొటో ఉండెనా?"

"లేదమ్మా," అన్నాను. "తర్వాత పెట్టిండ్రు."

"గట్లయితే నీ తప్పేముంది," అని లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను.