అత్తకి చెప్పని కబురు

పోయిన నెల మా మావ పోయాడు. మావ అంటే మా ఆయన తండ్రి. కబురు ఉద్దానం అంతా పాకింది. పలాస నుంచీ టెక్కలి నుంచీ చుట్టాలు ఆటోల్లో దిగారు. ఆ కబురు తెలియని మనిషి ఒక్కతే ఉంది, అది మా అత్త, అంటే ఆయన భార్య. శవం వాకిట్లో ఉండగా బయటికొచ్చి చూసింది. జబ్బుతో ఉబ్బిపోయిన ఆ ముఖం పోల్చుకోలేకపోయింది. "ఎవులో పాపం, పెద్దాయన" అని లోపలికెళ్ళిపోయింది.

ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. చెప్పొద్దని మావే అన్నాడు. ఎందుకన్నాడో తెలియాలంటే ఆయన అత్తతో చేసిన సంసారం కొంచెం చెప్పాలి.

మా వైపు ఎవరికి ఏమొచ్చినా ముందు కిడ్నీ అంటాం. కాళ్ళు వాచినా కిడ్నీయే, కళ్ళు తిరిగినా కిడ్నీయే. అనక ఏం చేస్తాం, వీధికొకరు దాంతోనే పోతున్నారు. ఏడెనిమిదేళ్ళ కిందట అత్త కూరలో ఉప్పు రెండుసార్లు వెయ్యడం, కుళాయి దగ్గర బిందె వదిలేసి చేతులూపుకుంటూ రావడం మొదలెట్టింది. ఓలమ్మో, మాకు గుండెలు జారిపోయాయి. మావ ఆమెకి ఉప్పు మాన్పించాడు. కొబ్బరితోటలో బతికే మనిషికి కొబ్బరినీళ్ళు మాన్పించాడు. అత్త ఊరుకుంటుందా? ఆవకాయ జాడీ ఎక్కడ దాచినా పట్టేసేది. బిందె మర్చిపోయేది గానీ జాడీని మర్చిపోయేది కాదు.

టెక్కలి తీసుకెళ్ళి రక్తం పరీక్షకి ఇప్పించాం. కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయన్నారు. మావ సంబరం చూడాలి! వీధంతా లడ్డూలు పంచాడు. "మా ఆడదానికేటీ లేదు, రాయిలాగుంది" అని ఇంటింటికీ చెప్పొచ్చాడు.

అక్కడే మా బుద్ధి బోల్తా పడింది. కిడ్నీ బాగుంటే ఇక రోగమే లేనట్టు మాకు. రోగం లేని మనిషి పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి కూర్చుంటే కావాలని చేస్తున్నట్టే కదా? అలా రెండేళ్ళు ఆమెని సాధించాం. మావ కూడా అరిచేవాడు. "నాతో ఆటలాడతన్నావేటే?" అనేవాడు. ఆమె బిక్కముఖం వేసుకుని నిలబడేది. ఒక్కోసారి తిరగబడేది. ఏ తప్పు చేసిందో ఆమెకి తెలిస్తే కదా!

ఒకరోజు పొద్దున్న అత్త కనబడలేదు. నూతులు చూశాం, తోటలు చూశాం, మా ఆయన సముద్రం ఒడ్డుకి కూడా పరిగెత్తాడు. మధ్యాహ్నానికి రావివలస నుంచి ఫోనొచ్చింది. అది ఆమె కన్నవారి ఊరు. ఎవర్నడిగి బస్సెక్కిందో, టెక్కలిలో ఎలా దిగిందో, వాళ్ళ అన్న గుమ్మంలో కూర్చుని "మా అన్న ఏడి?" అని అడుగుతోందట. ఆ అన్న పోయి చాలా ఏళ్ళయింది. మావా నేనూ వెళ్ళాం. "మీ అన్న ఎప్పుడో సచ్చిపోనాడు గదే" అన్నాడు మావ. అత్త నేల మీద పడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, ముఖం కడుక్కుని, మళ్ళీ అన్న ఏడని అడిగింది. మావ మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే ఏడుపు, గుండెలు బాదుకుంటూ. మరోసారి అడిగేసరికి మావ నోరు తెరిచి ఆగిపోయాడు. "ఒత్తాడులే, నువ్వు టీ తాగు" అన్నాడు.

తిరుగు బస్సులో అత్త నిద్రపోయింది. మావ నాతో అన్న మాట నేనెప్పటికీ మర్చిపోను. "కోడలా, అది నటించలేదు. అడిగిన పెతిసారీ నిజంగానే ఏడిసింది. ఒక సావుకి ఒకపాలి ఏడిస్తే సాలదేటి మనిసికి?"

ఆ వారమే విశాఖపట్నంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన కిడ్నీ మాట ఎత్తనే లేదు. "ఇది ఏ నెలమ్మా?" అని అడిగాడు. "జీడిపిక్కలు రాలే నెల" అంది అత్త. డాక్టరు మావ వైపు చూశాడు. "నిజమే సారూ, మా తోటలో రాల్తన్నాయి" అన్నాడు మావ, భార్య పరీక్ష పాసైనట్టు. కానీ తనకెంతమంది పిల్లలో ఆమె చెప్పలేకపోయింది. ఎదురుగా ఉన్న గడియారాన్ని ఏమంటారో చెప్పలేకపోయింది. మావ తల దించుకున్నాడు.

డిమెన్షియా అన్నాడు డాక్టరు. మాత్రలు జోరు తగ్గిస్తాయేమో గానీ పోయింది తిరిగి తేలేవన్నాడు. వాదించొద్దు, తొందరపెట్టొద్దు, "గుర్తుందా, గుర్తుందా" అని గుచ్చొద్దు, రోజూ ఏ వేళకి ఆ పని ఒకేలా జరగనివ్వండి, చేతికొచ్చిన పని చెయ్యనివ్వండి అన్నాడు. ఈ నాలుగు ముక్కలు చెప్పేవాళ్ళు మా దగ్గర్లో దొరికుంటే ఆ రెండేళ్ళ తిట్లు ఆమెకి తప్పేవి. మా ఊళ్ళో క్యాంపు పెడితే రక్తం తీస్తారు, బీపీ చూస్తారు. "అమ్మా, ఈమధ్య మరుపేమైనా వస్తోందా?" అని ఎవరూ అడగరు. దానికి సూదైనా అక్కర్లేదు కదా!

ఇంటికొచ్చాక మావ మారిపోయాడంటే అబద్ధం. కోపం అలాగే ఉండేది. కాకపోతే కోపమొచ్చినప్పుడు తోటలోకి పోయి ఏదో ఒక కొబ్బరిచెట్టుని నానా బూతులూ తిట్టి వచ్చేవాడు. వచ్చి, అత్త పక్కన కూర్చుని, జీడిపప్పు చాటలో పోసి ఇచ్చేవాడు. పైపొర ఒలవడం ఆమె చేతులు మర్చిపోలేదు. పలుకు విరక్కుండా ఒలిచేది. ఒలిచినంతసేపూ నెమ్మదిగా ఉండేది.

పరాయి చెయ్యి తగిలితే అత్త కసిరేది. అందుకని జడ వెయ్యడం మావే నా దగ్గర నేర్చుకున్నాడు. మొదట్లో ఆ జడ తాడు పేనినట్టుండేది. టీ కొట్టు దగ్గర ఒకాయన "ఏటి బావా, జడలేత్తన్నావట?" అని నవ్వాడు. "నీ పెళ్ళానికి ఎయ్యట్లేదు గదా బావా, నీకేటి నొప్పి?" అన్నాడు మావ. ఆ తర్వాత ఎవరూ కదపలేదు.

ఆమె కిడ్నీలు బాగున్నాయని లడ్డూలు పంచిన మనిషి తన రక్తం మాత్రం చూపించుకోలేదు. చూపించేసరికి కిడ్నీలు రెండూ అయిపోయాయి. విశాఖలో ఉండి డయాలసిస్ చేయించుకోమంటే, "దాని జడెవులేత్తారు?" అన్నాడు. మేం బతిమాలాం, తిట్టాం, ఏడ్చాం. వినలేదు.

ఆఖర్లో నన్నూ మా ఆయన్నీ పిలిచాడు. "నాను పోనాక దానికి సెప్పకండి. సెప్పినా నిలవదు, రోజూ కొత్తగా ముండమొయ్యాల. గాజులు తియ్యకండి. బోసి సేతులు సూసుకుని ఏటయ్యిందని అడుగుద్ది. ఎవులు సెప్తారు, ఎన్నిపాల్లు సెప్తారు?"

మావ అక్క మా ఇంటికి పెద్దదిక్కు. ఈ మాట వినగానే మండిపడింది. "గాజులు తియ్యకపోతే కులంలో నలుగురూ ఏటంటారు? ఆడి జీవుడు ఎలాగెల్తాడు?" మా ఆయన నేల చూపులు చూశాడు. నేను మాత్రం ఊరుకోలేదు, "అది మావ మాట" అన్నాను. "సచ్చినోడి మాట కన్నా ఆచారం పెద్దది" అంది.

పదో రోజు పొద్దున్న గాజులు తియ్యడానికి ఆవిడ ఇద్దరు ముసలమ్మల్ని వెంటబెట్టుకుని అత్త గదిలోకి వచ్చింది. అత్త తలెత్తి చూసి ముఖం విప్పార్చుకుంది. "ఒదినా! ఎప్పుడొచ్చినావు? కూకో. మీ తమ్ముడు తోటకెల్లినాడు, ఒచ్చీత్తాడు" అని ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మావ అక్క ఆమె గాజుల్ని కాసేపు నిమిరింది. "ఒచ్చీత్తాడులే" అని లేచి, కొంగు నోట్లో కుక్కుకుని, ముసలమ్మల్ని తోసుకుంటూ బయటికెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పెరట్లో ఆకు వేసి మావకి ఇష్టమైనవన్నీ పెట్టాం. అన్నం, చేపల పులుసు, నెత్తళ్ళ వేపుడు. కాకి ముట్టేదాకా ఎవరం తినకూడదు. అందరం దూరంగా నిలబడి కొబ్బరి మట్టల మీది కాకుల కేసి చూస్తున్నాం. ఇంతలో అత్త బయటికొచ్చింది.

"ఇదెవులికి?" అంది.

"మావకి, అత్తా" అన్నాను.

"మరి మూతెట్టకుండా ఒదిలీసినారేటి? కాకులు ముట్టీవా!"

ఎవరో ఆపబోతే మావ అక్క చెయ్యి అడ్డం పెట్టింది. అత్త వెళ్ళి ఆకు పక్కన చతికిలబడింది. మావ వచ్చేదాకా అన్నం పాడవకుండా, గాజుల చెయ్యి ఊపుతూ వచ్చిన కాకినల్లా తోలుతూ కూర్చుంది.