వీధి నడుమ సున్నపు గీత

గంజి వాసన సోకితే నేటికీ కాశిబుగ్గలోని మా నేతవీధి బాల్యం మనసున మెదలుతుంది. వార్డుల విభజనకు వచ్చినవారు ఒకనాడు వీధి నడుమ సున్నంతో గీత గీసి, ఎదురు ఇళ్ల వరుస వేరే వార్డన్నారు. నిత్యం నాకు సద్దిబువ్వ పెట్టే ఎదురింటి రాజవ్వ పరాయి ఊరిదైపోయిందని తలచి భోరుమన్నాను.

వీధిలో పడుగు నూలు చాచి గంజి పూస్తున్న ఆమె పకపక నవ్వింది.

"ఏడ్సుడెందుకు బిడ్డా? నీ వార్డుల నువ్వుండు, నా వార్డుల నేనుంట. జర ఈ కొస పట్టు, నూలు నేలకానుతాంది!"

గీత దాటి పట్టుకున్నాను.

ఇప్పుడు వార్డులు డివిజన్లయ్యాయి, రెండు వరుసలూ ఒకే డివిజను. మగ్గాలు పోయాయి, ఒకరి చేయి మరొకరికి అక్కరలేకపోయింది. నేను మా పాత ఇంటనే ఉన్నాను. ఎదురింట ఎవరుంటున్నారో మాత్రం ఎరుగను.