కృష్ణకి మూడో గాలపు కర్ర ఇవ్వను

మా బావ నాతో పందెం కట్టకపోయి ఉంటే ఇది కూడా మామూలు ఆదివారంలాగే గడిచిపోయేది, నేనిది రాసేదాన్నీ కాదు. రాయచూరులో మాది బట్టలు కుట్టే పని. కింద అక్కా బావా ఉంటారు, పైన నేనొక్కదాన్నే ఉంటాను, వీధి వైపు గదిలో మా ముగ్గురి మిషన్లూ ఉంటాయి. వారమంతా జాకెట్లూ లంగాలూ కుట్టడం, ఆదివారం శక్తినగర్ దగ్గర కృష్ణా నదిలో పుట్టి పడవ ఎక్కి గాలం వేయడం రెండేళ్లుగా నాకు అలవాటు. ఆడమనిషికి గాలమేమిటని అడిగేవాళ్లకి జవాబు చెప్పడం మొదటి ఏడాదే మానేశాను. కానీ ఈ ఏడాది రెండు కర్రలు నీళ్లపాలయ్యాయి. మొదటిది మోకాళ్ల మధ్య పెట్టుకుని రొట్టెల మూట విప్పుతుంటే చేప లాక్కుపోయింది. రెండోది పుట్టి అంచుకి ఆనించి ఫ్లాస్కు మూత తిప్పుతుంటే పోయింది. ఆ రెండోది బావది. ఎప్పుడో హైదరాబాదు నుంచి రీలుతో సహా కొని తెచ్చుకుని, ఒక్కసారైనా నీళ్లు చూపించకుండా అటక మీద దాచుకున్నది.

"ఏంది సుజాతా, నెలకొకటి నదికి మొక్కుకున్నవా?" అన్నాడు బావ, షాపులో నలుగురు ఆడవాళ్లు కొలతలివ్వడానికి నిలబడి ఉండగా. "ఇగ చాలు. మూడో కర్ర నీళ్లల్ల పడిందంటే నీ ఐతారం పోకడ బంద్. పందెమా?"

వాళ్లంతా నా మొహం చూస్తున్నారు. రోషం పొడుచుకొచ్చి "పందెమే" అనేశాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. కర్ర పోతే కొత్తది కొనుక్కుంటాను. ఆదివారం పోతే ఏ కొట్లో దొరుకుతుంది? నా ఆదివారాన్ని నేనే తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను కదా అని ఆ రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

తిట్టుకుంటూ కూర్చుంటే పని జరగదు. మర్నాడు మంచాలకు అల్లే నవారు రెండు గజాలు కొన్నాను. ఒక కొసను కర్ర పిడికి, రీలుకి కాస్త పైన, రెండు చుట్లు తిప్పి, మిషన్ మీద నాలుగు వరసలు కుట్టేశాను. రెండో కొసను పుట్టికి కట్టాలి. చేతికో నడుముకో కట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అసలు ఇన్నాళ్లూ ఈ ఆలోచన నాకెందుకు రాలేదంటే, పుట్టిలో ఎవరూ ఏదీ కట్టరు. అక్కడ అది ఆచారం. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

మీరూ వెళ్లాలనుకుంటే రాయచూరు బస్టాండులో తెల్లవారే బస్సు పట్టుకోండి. నేను ఐదూ నలభై ఐదుకి ఎక్కాను. ప్రభుత్వ బస్సుల్లో మా రాష్ట్రం ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. మగవాళ్లకైనా ముప్పై రూపాయలు దాటదు. కర్రను రెండు ముక్కలుగా విప్పి గోనెసంచిలో పెట్టుకుంటే కండక్టరు లగేజీ పేరెత్తడు. ముప్పావుగంట ప్రయాణం. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడగానే లేచి తలుపు దగ్గరికి వెళ్లిపోండి, లేకపోతే డ్రైవరు వంతెన దాకా తీసుకుపోతాడు. స్టాపు ఎదుట శాంతమ్మ బండి మీద మరమరాలు తాలింపు వేసిన ఒగ్గరాణీ, మిరపకాయ బజ్జీ కలిపి ముప్పై రూపాయలు. తినకుండా నదికి పోవద్దు, ఒడ్డున ఏమీ దొరకదు.

శాంతమ్మ నా సంచి వైపు చూసి నవ్వింది. "మళ్ల కర్ర తెచ్చినవా అక్కా? పోయిన్సారిది పోయిందంట గద."

"ఈసారి కట్టేస్తున్న" అన్నాను.

"అయ్యో, పుట్టిల కడ్తరా ఎవరన్న? తిమ్మప్ప ఒప్పుకోడు సూడు" అంటూ అడక్కుండానే ఇంకో బజ్జీ వేసింది. జాలిపడి వేసినట్టుంది. నేను వద్దనలేదు.

అక్కడి నుంచి రేవుకి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు, పది నిమిషాలు. తిమ్మప్ప అప్పటికే పుట్టిని నీళ్లలోకి దొర్లించి కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, ఈ రేవులోనే పుట్టి పెరిగాడు. నా రెండు కర్రలూ పోయినప్పుడు తెడ్డు వేసింది ఆయనే. రెండుసార్లూ నేను వెంటపడదామంటే తెడ్డు పక్కన పెట్టి నీళ్లకు దండం పెట్టాడు. "నీళ్లల్ల పడ్డది గంగమ్మదక్కా, ఎన్కకు అడగొద్దు" అన్నాడు. చెప్పు పడ్డా, చెంబు పడ్డా, ఫోను పడ్డా అక్కడివాళ్లది ఒకటే మాట. ముందే తాడేసి కట్టడమంటే ఇవ్వను పో అని గంగమ్మ మొహం మీద చెప్పినట్టు.

మధ్యాహ్నం వరకు పుట్టికి ఐదువందలు. బేరం మామూలుగానే కుదిరింది. లైఫ్ జాకెట్ నాది నేనే తీసుకెళ్తాను, రేవులో ఇవ్వరు. తిమ్మప్ప తలెత్తి పొగగొట్టాల వైపు చూశాడు. గాలి సంగతి ఆయన అక్కడే చూసుకుంటాడు. పొగ నిటారుగా లేస్తే నది నడుమకి తీసుకెళ్తాడు, వంగితే బండల చాటుకి. ఆ రోజు పొగ మా వైపే వంగి ఉంది. "బండల తాన ఏద్దాం. వాలుగలు ఉంటయి" అన్నాడు. అంతలో నేను పుట్టిలోకి ఎక్కి నవారు తీసి అంచుకి కట్టడం చూశాడు.

"ఏందక్కా అది? గిట్ల కట్టొద్దు."

"కడతానన్నా. గంగమ్మకి ఇప్పటికే రెండిచ్చాను. మూడోది ఇవ్వను."

"గంగమ్మ మాట పక్కకు పెట్టు. అంచుకు ఎవరన్న కడ్తరా?" అంటూ మోకాలి లోతు నీళ్లలోకి దిగి, కర్ర పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. బుట్టలా గుండ్రంగా ఉండే పుట్టి ఒక పక్కకి ఒరిగింది. నా ఫ్లాస్కు, చెప్పులు, నేను, అందరం ఆ పక్కకే జారాం. చెంబెడు నీళ్లు ఒళ్లో పడ్డాయి. "సమజైందా?" అన్నాడు.

అయింది. పుట్టికి ముందూ వెనకా లేదు, అంచున ఎక్కడ బరువు పడితే అక్కడే మునుగుతుంది. నవారు విప్పి, అడుగున అల్లిన వెదురు బద్దల్లో నడిమి బద్దకి, సరిగ్గా నా మోకాళ్ల కింద కట్టాను. మేము లంగా బొందుకు వేసే జారుముడే వేశాను. కొస పట్టి లాగితే చటుక్కున ఊడుతుంది. దానికీ తిమ్మప్ప తల అడ్డంగా ఊపాడు.

"గింత జల్ది ఊడేది ముడేనా? కడితే గట్టిగ కట్టు, లేకుంటే కట్టకు."

"నీ పని తెడ్డన్నా, నా పని ముడి" అన్నాను. కాస్త పెడసరంగానే అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. పుట్టిలోకి చేరిన నీళ్లు తోడే ఖాళీ నూనె డబ్బాకి మూత బిగించి, నా ముడి దాటాక మిగిలిన నవారు కొసకి గట్టి ముడేసి కట్టాడు. "నీ ముడి మీద నాకు నమ్మకం లేదు" అని తెడ్డు అందుకున్నాడు.

బండల దగ్గర చిన్న చేపను ఎరగా గుచ్చి తొమ్మిదింటి దాకా కూర్చున్నాం. తొమ్మిది దాటాక దారం ఒక్కసారి బిగిసింది. వాలుగ. అది పట్టిందంటే మెల్లగా లాగడం ఉండదు. కర్ర వంగి నేను రెండు చేతులా పట్టుకునేలోపే చేప పుట్టి కిందుగా దూరింది. పిడి నా చేతుల్లోంచి జారి నీళ్లలో పడింది. నవారు బిగిసింది, నా నాలుగు వరసల కుట్టు ఆగింది. "ఆగింది! ఆగింది!" అని అరిచాను. నా ఆదివారం ఆ గుడ్డ పట్టీకి వేలాడుతోందని నాకు తెలుసు.

అడుగున కట్టినా సరే, చేప పుట్టి కింద నుంచి అవతలికి వెళ్తుంటే నవారు అంచుకి అడ్డం పడి దాన్ని కిందికి నొక్కింది. పుట్టి గిర్రున తిరిగి అటు ఒరిగింది. అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చాయి. తిమ్మప్ప తెడ్డు వదిలేసి ఇటు పక్కకి ఒరిగి కూర్చున్నాడు. "ఇడువక్కా! ఇడువు!"

నాకు ఈత వచ్చు. తిమ్మప్పకి లైఫ్ జాకెట్ లేదు, బండల మధ్య నీళ్లు లోతు. అవన్నీ తెలిసి కూడా ఒక క్షణం నా చెయ్యి కదల్లేదు. ఆ క్షణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత ముడి కొస లాగాను. ఊడింది. పుట్టి ఒక్క ఊపు ఊగి చదునైంది. నూనె డబ్బా నా మోకాలికి తగిలి ఎగిరి నీళ్లలో పడింది, నది మీద పరుగు పెట్టింది.

ఆయన దండం పెడతాడనుకున్నాను. తెడ్డు అందుకుని డబ్బా వెంట పడ్డాడు! పావుగంట తిరిగాం. మునిగేది, మళ్లీ తేలేది, దిక్కు మార్చేది. చివరికి బండల అవతల అలిసిపోయినట్టు నిలబడింది. నవారు పట్టి లాగితే నా మూడో కర్ర రీలుతో సహా పైకొచ్చింది. కొక్కెం నిటారుగా సాగిపోయి ఉంది, చేప లేదు.

"నీళ్లల్ల పడ్డది ఎన్కకు అడగొద్దంటివి గదన్నా?" అన్నాను ఊపిరి పీల్చుకుని.

"ఇది పడలేదక్కా" అన్నాడు తిమ్మప్ప, డబ్బా మూత విప్పి లోపల నీళ్లు చేరాయేమో చూసుకుంటూ. "మనం ఇడ్సినం. ఇడ్సింది తెచ్చుకోవచ్చు."

పన్నెండింటికి ఒడ్డెక్కి, ఒంటిగంట బస్సుకి ఇల్లు చేరాను. ఎండకి సంచీ ఆరింది, కర్రా ఆరింది. బావ గుమ్మంలోనే ఉన్నాడు. కర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా తడి లేదు. "ఏంది, పడలేదా?" అన్నాడు, నమ్మలేక. లోపలి నుంచి అక్క వచ్చి నిలబడింది. పడలేదంటే సరిపోయేది. తిమ్మప్ప మాట ప్రకారం అది అబద్ధం కూడా కాదు.

"పడ్డది బావా" అన్నాను. "పందెం నేనే ఓడిన. వచ్చే ఐతారం మళ్ల పోతున్న."

అక్క నా చేతిలోంచి సంచి అందుకుని లోపల పెట్టింది.

బస్సులో వస్తూ ఇదే ఆలోచించాను. పందెం గెలిచి నదికి వెళ్తే ఆయన ఒప్పుకున్నందుకు వెళ్లినట్టు అవుతుంది. అలా ప్రతి ఆదివారం గెలుస్తూ బతకడం నా వల్ల కాదు. రెండేళ్లుగా నేను వెళ్తున్నది ఎవరి అనుమతితోనూ కాదు, ఇకపైనా కాదు. మాట తప్పిందనుకుంటే అనుకోనివ్వండి, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. కానీ నీళ్లు లోపలికి వస్తున్నప్పుడు నా చెయ్యి ఆగిపోయిందే, అది నది వల్ల కాదు, పందెం వల్ల. అలాంటి భయాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంకెప్పుడూ పుట్టి ఎక్కను.

వెళ్లేవాళ్లకి ఒకటే చెబుతాను. కర్రను పుట్టి అడుగు బద్దకే కట్టండి, అంచుకీ మీ ఒంటికీ కట్టకండి. జారుముడి వేసి, దాటాక మిగిలిన కొసకి మూత బిగించిన ఖాళీ డబ్బా తగిలించండి. బయల్దేరే ముందు మోకాలి లోతు నీళ్లలో ఆ ముడిని ఒంటి చేత్తో ఒకసారి లాగి చూడండి. ఒక్క లాగుకి ఊడకపోతే ఆ రోజుకి గాలం వేయకండి.