అంజయ్య సార్ రాయించిన కాగితం

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగిలితే చాలు, నాకు అంజయ్య సార్ గుర్తొస్తారు. తొంభైల చివర, హైటెక్ సిటీ చుట్టూ ఇంకా బండరాళ్లే ఎక్కువగా ఉన్న రోజుల్లో, కొండాపూర్‌లోని ఒక చిన్న శిక్షణ సంస్థలో ఆయన నెట్‌వర్క్ చూసేవారు. అంతకుముందు టెలిఫోన్ స్తంభాలెక్కిన మనిషి. నేను ఆయన కింద మూడు నెలల ప్రొబేషన్ మీద చేరాను. ఇంట్లో మాత్రం ఉద్యోగం పర్మనెంటని కోతలు కోసి, హఫీజ్‌పేట్‌లో గది తీసుకున్నాను.

నాకప్పగించిన పని పది లినక్స్ కంప్యూటర్లను నెట్‌వర్క్‌కు కలపడం. ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో నంబరు ఇచ్చేది డీహెచ్‌సీపీ అనే ప్రోగ్రాం. వెబ్‌సైటు పేరు చెబితే దాని నంబరు వెతికిపెట్టేది డీఎన్‌ఎస్. ఆ డీఎన్‌ఎస్ ఎక్కడుందో ఒక ఫైల్లో రాయాలి. నాకిచ్చిన మాన్యువల్ పుస్తకం మాత్రం తగిన వివరాలు ఇవ్వమని చెప్పి చేతులు దులుపుకుంది. తగినవేవో నాకేం తెలుసు? తోచింది రాశాను. శనివారం అన్నీ పనిచేశాయి. సోమవారం మొదటి క్లాసు వేళకు ఒక్కదాంట్లోనూ వెబ్‌సైటు తెరుచుకోలేదు. నా ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను.

"ఏంది, గిట్ల పరేషాన్ అయినవ్? బుక్కుల ఏడ సమజ్ కాలే?" అన్నారు సార్.

"అంతా అర్థమైంది సార్," అన్నాను. పచ్చి అబద్ధం.

ఆయన కుర్చీ లాక్కుని, క్లాసుకు వచ్చినవాళ్లందరూ వింటుండగానే, "నాకైతే సమజ్ కాలే. రెండుసార్లు చదివిన. జర కలిసి చూద్దాం పట్టు," అన్నారు.

ఆ మాటతో నా గుండె బరువు సగం దిగిపోయింది. మధ్యాహ్నానికి సంగతి బయటపడింది. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డీహెచ్‌సీపీ నేను రాసింది చెరిపేసి తనది రాసుకుంటోంది. పుస్తకంలో ఆ ముక్క ఎక్కడా లేదు. డీఎన్‌ఎస్ వివరం డీహెచ్‌సీపీ సర్వర్‌లోనే ఒక్కసారి పెడితే సరిపోయింది.

మర్నాడు ఆ పద్ధతంతా నాచేత రాయించి, రిసెప్షన్‌లో ఉండే లలితగారిని పిలిచి ఖాళీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. కాగితంలో మూడో వాక్యం దగ్గరే ఆవిడ ఆగిపోయారు.

"ఫైలు తెరవమన్నారు. దేంతో తెరవాలండి?"

చూపిద్దామని నా చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది.

"చేతులు వెనకకు పెట్టు," అన్నారు సార్. "కాగితం మాట్లాడాలె, నువ్ కాదు."

నాలుగుసార్లు తిరగరాసి, ప్రతిసారీ కొత్తగా ప్రింటు తీసి ఇచ్చాను. నాలుగోసారి లలితగారు తలెత్తకుండా పని ముగించారు. సార్ నన్ను పర్మనెంట్ చేయమని ఆఫీసుకు రాశారు. ఇంట్లో చెప్పిన అబద్ధం అలా నిజమైంది.

ఇప్పుడు నేనూ కొత్తవాళ్లకు పని నేర్పుతున్నాను. అర్థం కాకపోయినా తలూపే మొహాన్ని ఇట్టే పసిగడతాను. అది ఒకప్పటి నా మొహమే. అందుకే కొత్త మాన్యువల్ తెరిచిన రోజున, ఎవరూ అబద్ధం ఆడే అవసరం రాకముందే, అందరి ముందూ నేనే అంటాను: "ఇది నాకు అర్థం కాలేదు."