రెండు చోట్ల ఉన్న హ్యాండిల్

ఆ రోజుల్లో నాకొక గర్వం ఉండేది. అక్షరం ముక్క రాకపోయినా, బొమ్మ చూపిస్తే చాలు, మిషన్‌లోని ఏ సామానునైనా గుర్తుపడతానని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. పొద్దున్నే పెనుకొండలో రైలెక్కి హిందూపురంలో ఒక వర్క్‌షాపుకు పనికి పోయేదాన్ని. అక్కడ పట్టుదారానికి పురిపెట్టే మిషన్లు చేసేవాళ్లు. నా పని ఇనుప పొట్టు ఊడ్వడం, సామాన్లకు నూనె పూయడం. కళ్లు మాత్రం ఎప్పుడూ సామాన్లన్నీ కలిపి మిషన్ నిలబెట్టే బిగింపు సెక్షన్ మీదే. (చీపురు పట్టిన చేతికి స్పానర్ ఎంత అందంగా కనిపిస్తుందో మీకు చెప్పినా నమ్మరు.)

ఒకరోజు మేస్త్రి మామ పెద్ద కాగితం నా చేతిలో పెట్టాడు. "ఏం పాపా, బిగింపులోకి వస్తానని పోరుతాండావు కదా. ఈ బొమ్మలో ఏమేముండాయో అన్నీ తెచ్చి బల్ల మీద పేర్చు. తప్పు లేకుంటే ఒకటో తేదీ నుంచి బిగింపు. తప్పు వచ్చిందా, మళ్లా ఆ మాట ఎత్తొద్దు."

ఆ బొమ్మ మా కంప్యూటర్ సార్ వేసింది. ఆయన మిషన్ మొత్తాన్ని ముందు కంప్యూటర్‌లోనే బిగించి, తర్వాత కాగితం మీదికి దించేవాడు. ఒక్కొక్కటే చూసుకుంటూ అన్నీ తెచ్చాను. చిక్కంతా హ్యాండిల్ దగ్గర వచ్చింది. ఒకటి లావు గీతలతో నిటారుగా ఉంది. దాని మొదలు దగ్గర నుంచే ఇంకొకటి చుక్కల్లా తెగిన గీతలతో పక్కకు వాలి ఉంది. దాని పక్కన ఏదో రాసి ఉంది. (రాసినదానితో నాకు సంబంధం లేదు.) చాలాసేపు ఆలోచించాను. ముగ్గులో ముందు చుక్కలు పెడతాం, తర్వాత గీతలు కలుపుతాం. అంటే చుక్కలతో ఉన్నది ఇంకా తయారు కానిది, మనం తేవాల్సింది!

స్టోరులో సామాన్లిచ్చే తాతను అడిగితే, "మిషన్‌కు ఒకటే హ్యాండిలమ్మే" అన్నాడు.

"బొమ్మలో రెండుండాయి తాతా."

"నా తలకాయ నెరిసింది గానీ రెండు హ్యాండిళ్ల మిషన్ చూడలేదు. ఉండేదే ఒకటి. తీసుకొని పో."

ఏం చేయను? గేటు పక్కన ధర్మవరం పోవాల్సిన మిషన్ తయారై నిలబడి ఉంది. స్పానర్ తెచ్చి, దాని హ్యాండిల్ విప్పి, తుడిచి, నా బల్ల మీద వాల్చి పెట్టాను. అచ్చం బొమ్మే!

మధ్యాహ్నం ధర్మవరం సావుకారు టెంపో వేసుకొని వచ్చాడు. "ఏమప్పా మేస్త్రీ, హ్యాండిల్ యాడ? పండ్లతో పట్టుకొని దించల్లా ఏమి?"

"నా బల్ల మీద ఉండాది మామా. బొమ్మలో అడిగినారు కదా!" అన్నాను, మెచ్చుకుంటారని.

మేస్త్రి మామ మొహం చూసి కంప్యూటర్ సార్ పరుగున వచ్చాడు. "అది ఒకటేనమ్మా. ఎత్తితే ఈడ, దించితే ఆడ. ఎంతదూరం వస్తాదో, దేనికన్నా తగులుతాదేమో తెలియల్ల కదా, అందుకే రెండు చోట్లా చూపించినా."

"ఒకటే సారి రెండు చోట్ల ఎట్లుంటాది సార్?"

"ఉండదు."

"ఉండనిది ఎందుకేసినారు? అట్లయితే మిమ్మల్ని గూడా వేసుకోండి. కుర్చీలో ఒకరు, టీ కొట్టుకాడ చుక్కల్లో ఒకరు."

సావుకారు పకపకా నవ్వాడు. మేస్త్రి మామ నవ్వబోయి ఆపుకున్నాడు. "చేసేది చేసి, ఎదురు మాట్లాడతాది సూడు! పీకినదాన్ని నువ్వే బిగించు పో."

బిగింపు ఆశ పోయిందని తెలిసిపోయింది. వాషర్లు వరుసగా వేసి, రెండు బోల్టులనూ మార్చి మార్చి బిగించాను. హ్యాండిల్ దించి చూశాను. మెత్తగా వచ్చి చుక్కల చోట ఆగింది. ఎత్తాను, లావు గీతల చోట నిలబడింది. అప్పుడు కొంచెం అర్థమైంది. (కొంచెమే.)

మేస్త్రి మామ వంగి బోల్టులు తడిమి చూశాడు. "ఎవురు నేర్పించినారే?"

"ఎవురూ లేదు మామా. పీకేటప్పుడు ఏది ముందొచ్చిందో చూసుకున్నా."

సావుకారు రెండుసార్లు ఎత్తి దించి, "ముందుకన్నా ఇప్పుడే గట్టిగుండాది కదప్పా" అన్నాడు.

మేస్త్రి మామ తల గోక్కున్నాడు. "ఒకటో తేదీ నుంచి బిగింపుకు రా. బొమ్మ కాగితం మాత్రం ముట్టుకోవాకు!"

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. హ్యాండిల్ పక్కన ఏం రాసి ఉండిందో మాత్రం తెలియదు. చదవడం వచ్చేసరికి ఆ కాగితం లేదు. ఇప్పుడు నేను ఏ కాగితమైనా రెండుసార్లు చదువుతాను, పక్కవాళ్లను అడుగుతాను, అప్పుడుగానీ చెయ్యి వేయను. ఎవరినీ అడగకుండా స్పానర్ తీసుకొని గేటు దగ్గరికి నడిచిపోయిన ఆ పిల్ల నన్ను చూస్తే, ఎంత నవ్వుతుందో!